రెండు క్రెడిట్ల పేపరు

కరోనా సెలవులు ముగిసి కాలేజీలు మళ్ళీ గంటల ప్రకారం నడవడం మొదలైన ఏడాది, సెప్టెంబరు రెండో వారంలో, ప్రిన్సిపాల్ గది నుంచి నాకొక ఆఫీసు ఆర్డరు వచ్చింది. అప్పుడు నేను నందిగామలో ఒక డిగ్రీ కాలేజీలో పనిచేస్తున్నాను. ఆర్డరులో నాలుగే వాక్యాలు. చరిత్ర లెక్చరరు రాజ్యలక్ష్మి గారు బదిలీ మీద వెళ్ళినందున, ఆమె స్థానంలో కొత్తవారు చేరేదాకా ‘సామాజిక సర్వే, నివేదిక రచన’ అనే ఎలక్టివ్ పేపరును రసాయనశాస్త్ర విభాగాధిపతి బోధించవలెనని దాని సారాంశం. ఆ విభాగాధిపతిని నేనే. అప్పటికి నా సర్వీసు ఇరవై తొమ్మిదేళ్ళు. రిటైరవడానికి ఇంకా మూడేళ్ళుంది.

ఆ కాగితం పట్టుకుని స్టాఫ్ రూంలో చాలాసేపు కూర్చున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళలో నాకు కష్టమైన ఆర్డర్లు చాలా వచ్చాయి. సిగ్గు కలిగించిన ఆర్డరు మాత్రం అదొక్కటే. ఎందుకో చెప్పాలంటే ముందు ఎలక్టివ్‌ల సంగతి చెప్పాలి.

ఇప్పటి డిగ్రీలో బి.ఎస్సీ. విద్యార్థి తన మూడు సైన్సు సబ్జెక్టులతో పాటు ఆర్ట్స్ వైపు నుంచి కూడా ఒక చిన్న పేపరు ఎంచుకోవాలి. మెయిన్ సబ్జెక్టుకు క్రెడిట్లు ఎక్కువ, దీనికి రెండే. క్రెడిట్ అంటే వారానికి ఎన్ని గంటలు ఆ సబ్జెక్టు చదివారో చెప్పే కొలమానం. మార్కులు మాత్రం మొత్తం పర్సంటేజీలో కలుస్తాయి. తక్కువ శ్రమతో మార్కులు వచ్చే పేపరు ఏదా అని పిల్లలు వెతుక్కోవడం సహజం. మా కాలేజీలో టూరిజం, పబ్లిక్ రిలేషన్స్, సామాజిక సర్వే అని మూడుండేవి. ఎంపిక ఫారాలు తీసుకునే కన్వీనర్‌ను నేను. ఫారం నింపుతూ పిల్లలు “ఏది ఈజీ సార్?” అని అడిగేవారు. ఏటా ఒకే జవాబు చెప్పేవాణ్ణి. “సర్వే పెట్టుకోండి. చదివేది తక్కువ. రాజ్యలక్ష్మి గారు మార్కుల దగ్గర చెయ్యి వెనక్కి తియ్యరు. మిగిలిన టైమంతా కెమిస్ట్రీకి పెట్టండి.”

ఆ ఏడాది కూడా నలభై మందికి పైగా నా మాట మీదే ఆ గడిలో టిక్కు పెట్టారు. ఇప్పుడు వాళ్ళందరికీ ఆ పేపరు నేనే చెప్పాలి.

మొదటి రెండు వారాలు నేను చేసింది బోధన కాదు. సిలబస్ తెరిచి, ఆర్ట్స్ సెక్షన్‌లో ఒకాయన ఇచ్చిన గైడు పక్కన పెట్టుకుని ‘సర్వే అనగా’ అని నిర్వచనాలు డిక్టేట్ చేశాను. పిల్లలు రాసుకున్నారు, కొందరు నిద్రపోయారు. ప్రాజెక్టు మొదలుపెడితే గంటలు గడిచిపోతాయని తోచింది.

నేను జగ్గయ్యపేటలో ఉండేవాణ్ణి. పొద్దున్నే పేటలో బస్సెక్కి, చిల్లకల్లు దగ్గర హైవే మీదికొచ్చి, నందిగామలో దిగేవాణ్ణి. ఆ దారిలో హైవేకి కొంచెం లోపలగా ఒక ఊరుంది. పేరు రాయను. అక్కడి పంచాయతీ కార్యదర్శి కిరణ్ మా కాలేజీలో చదివినవాడే. బస్సులో కనిపిస్తే సర్వే సంగతి చెప్పాను. అతను సంతోషించాడు.

“మా తూర్పు కాలనీలో చెయ్యండి సార్. ఊళ్ళో ట్యాంకు నీళ్ళు కాలనీ దాకా ఎక్కట్లా. లైను కొత్తది వెయ్యాలి. కానీ ఊరి మధ్యలో ఫిల్టరు ప్లాంటు పెట్టాం కదా, కాలనీ వాళ్ళూ ఆ నీళ్ళే తెచ్చుకుంటుంటే లైను వచ్చే ఏడాదికి పెట్టుకోవచ్చు. ఏ నీళ్ళు తాగుతున్నారో లెక్క తేలితే చాలు. గ్రామసభలో పెట్టాలి.”

నీళ్ళు కెమిస్ట్రీవాడికి చుట్టరికం ఉన్న విషయం. ఆ రోజే కూర్చుని పదిహేను ప్రశ్నలతో ఒక ఫారం తయారుచేశాను. ప్రతి ప్రశ్నకూ ‘అవును’, ‘కాదు’ అని రెండు గళ్ళు. ఏడో ప్రశ్న అసలైనది: ‘మీ కుటుంబం శుద్ధి చేసిన నీటినే తాగుతున్నదా?’ ఇంత స్పష్టంగా ఉన్న ఫారం ఆర్ట్స్ వాళ్ళు ఎప్పుడూ తయారుచేసి ఉండరని కూడా అనుకున్నాను.

అక్టోబరులో ఒక శనివారం పిల్లల్ని తీసుకెళ్ళాను. అందరూ యూనిఫాంలో, మెళ్ళో ఐడీ కార్డులు, చేతిలో ప్యాడ్లు. ముందు కిరణ్ నడుస్తున్నాడు, వెనక మేము. తూర్పు కాలనీలో అరవై చిల్లర ఇళ్ళు. ఎక్కువమంది పత్తి తీతలకు, మిరప పనులకు వెళ్ళేవాళ్ళు. ప్రతి ఇంట్లోనూ ఆ రోజు ఉన్నవాళ్ళను అడిగాం. రెండున్నర గంటల్లో పని పూర్తయింది. ఏడో ప్రశ్నకు దాదాపు అందరిదీ ‘అవును’. కెమిస్ట్రీలో మూడు రీడింగులు ఒకేలా వస్తే ప్రయోగం సరిగ్గా చేశామని అర్థం. ఇక్కడ దాదాపు అరవై రీడింగులు ఒకేలా వచ్చాయి. అక్కడికక్కడే కిరణ్‌తో అనేశాను, “మీ కాలనీ అంతా ప్లాంటు నీళ్ళేనయ్యా.”

“అయితే మంచిదే సార్. ఈ ఏడాది పనుల్లోంచి ఆ లైను తీసి పక్కన పెడతా. వేరే పనులు చాలా ఉన్నాయి,” అన్నాడు కిరణ్. నేను తలూపాను.

సోమవారం క్లాసులో హేమంత్ చార్టు అంటించాడు. హేమంత్ ఆ బ్యాచ్‌కి ఫస్టు. నందిగామ పక్కన వ్యవసాయ కుటుంబం. ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ ఎంట్రన్స్ మీద గురి పెట్టినవాడు. గుండ్రటి బొమ్మ గీసి, దాదాపు మొత్తం నీలం రంగు వేసి, సన్నటి చీలిక మాత్రం ఎర్రగా వదిలాడు. నీలమంతా ప్లాంటు నీళ్ళు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది.

ఆ అమ్మాయి పేరు ఎస్తేరు. చందర్లపాడు వైపు నుంచి వచ్చేది. తల్లి కూలి పనికి వెళ్తుంది, తండ్రికి ఎకరం లోపు పొలం. కెమిస్ట్రీలో ఆ అమ్మాయికి ఎప్పుడూ బొటాబొటీ మార్కులే. ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపే టైట్రేషన్ ప్రయోగం చేస్తే రంగు మారే చుక్క దగ్గర ఆగకుండా దాటేసేది. ఆ రోజుకు ముందు క్లాసులో ఆ పిల్ల గొంతు నేను విన్న గుర్తు లేదు.

“సార్, ఆ బొమ్మ తప్పు సార్,” అంది.

హేమంత్ వెంటనే అన్నాడు, “ఫారాలు లెక్కపెట్టే వేసా సార్. రెండుసార్లు చూసుకున్నా.”

“లెక్క తప్పని అన్లా. వాళ్ళు చెప్పింది అది కాదంటున్నా.”

నీకెలా తెలుసని అడిగాను. కొంచెం విసుగ్గానే అడిగాను.

“ఒకింట్లో నాకు దాహమేసి నీళ్ళడిగా సార్. ఆమె ఫిల్టరు క్యాన్ వంచి గ్లాసులో పోసిచ్చింది. నేను తాగుతుండగానే వాళ్ళ పాప వచ్చి నీళ్ళంది. పాపకి మాత్రం బిందెలోయి ముంచిచ్చింది.”

మరి ఫారంలో అవునని ఎందుకు పెట్టావన్నాను.

“ఆమె అవునంది సార్. చెప్పిందే రాయమన్నారు కదా మీరు.”

“ఆమె అబద్ధం ఎందుకు చెప్పాలి?”

“అబద్ధం కాదు సార్. మెళ్ళో కార్డులేసుకుని, పంచాయతీ సార్‌ని ముందు పెట్టుకెళ్ళి, శుద్ధి చేసిన నీళ్ళు తాగుతున్నారా అంటే కాదని ఎవరంటారు? మా ఇంటికొచ్చి అడిగినా మా అమ్మ అట్టాగే అంటది.”

కూర్చోమన్నాను. ఆ గంట ఏం చెప్పి ముగించానో గుర్తు లేదు. మధ్యాహ్నం రాజ్యలక్ష్మి గారికి ఫోన్ చేశాను. పదేళ్ళు ఒకే స్టాఫ్ రూంలో కూర్చున్నాం. జరిగింది చెప్పాను. ఏడో ప్రశ్న చదవమన్నారు. చదివాను.

ఆమె నవ్వారు. “పళ్ళు తోముకుంటున్నారా అని అడిగినట్టుందండీ. ఎవరన్నా లేదంటారా?”

“మరి ఎలా అడగాలండీ?”

“నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి నీళ్ళ పని ఏమేం చేశారో చెప్పమనండి. ఎన్నింటికి వెళ్ళారు, ఎక్కడ పట్టారు, ఎవరు మోశారు, ఏ బిందె దేనికి వాడారు. అది అడిగి నోరు మూసుకోవాలి. నోరు మూసుకోవడమే అసలు పని. అది మన మాస్టార్లకి రాదు.”

ఫోన్ పెట్టేయబోతుంటే ఇంకో మాట అన్నారు. “నేను మార్కులు ధారాళంగా వేస్తానని మీరు పిల్లలకి చెప్తుంటారని నాకు తెలుసు. మంచి పని చేసినవాళ్ళకి వేసా. ఆ రిపోర్టులు ఎప్పుడన్నా చదివారా?”

చదవలేదన్నాను.

“బీరువాలో కింది అరలో ఉన్నయి. తాళం ఆఫీసులో ఇచ్చా,” అన్నారు.

ఆ సాయంత్రం బస్సు వదిలేసి వాటిని చదివాను. పత్తి తీసే ఆడవాళ్ళు మధ్యాహ్నం అన్నం ఎన్ని గంటలకు తింటారు, ఎక్కడ కూర్చుని తింటారు అనే దాని మీద ఒక రిపోర్టు. నందిగామ కోర్టుకు వాయిదాలకొచ్చేవాళ్ళు రోజంతా ఎక్కడ వేచి ఉంటారనే దాని మీద ఇంకొకటి. అన్నీ మా బి.ఎస్సీ. పిల్లలు రాసినవే. నేను ఈజీ అని పంపినవాళ్ళు అక్కడ కష్టపడి పని నేర్చుకుని వచ్చారు, నాకు మాత్రం ఆ సంగతి తెలియదు. పక్క కుర్చీలో జరుగుతున్న మంచి పనిని పదేళ్ళు చూడకుండా, దాన్ని తేలిక అని ప్రచారం చేశానన్నమాట.

టైట్రేషన్‌కు ముందు ద్రావణం బలం ఎంతో సరిచూసుకోకుండా వాడకూడదని మొదటి సంవత్సరం పిల్లలకు చెబుతాం. దాన్ని స్టాండర్డైజ్ చేయడం అంటారు. అది చేయకుండా తీసిన రీడింగు ఎంత నిక్కచ్చిగా కనిపించినా పారేయాల్సిందే. నా ఫారాన్ని నేను ఏ ఇంట్లోనూ ముందు పరీక్షించుకోలేదు. అరవై ఫారాలూ కట్ట కట్టి, పైన ‘పనికిరావు’ అని రాసి సంతకం చేశాను.

మర్నాడు ప్రిన్సిపాల్ మేడమ్‌కు చెప్పాను. ఆమె కామర్స్ మనిషి, పని త్వరగా తేలాలనే తత్త్వం. “సెమిస్టరు అయిపోవడానికి ఐదు వారాలే ఉందండీ. ఉన్న ఫారాలతో రాయించెయ్యండి. చూడ్డానికొచ్చే ఎగ్జామినరు ఆ ఊరు వెళ్ళి నీళ్ళు తాగి చూస్తాడా?” అన్నారు. పంచాయతీకి తప్పు లెక్క ఇచ్చానని చెప్పాను. ఆమె కెమిస్ట్రీ సిలబస్ వెనకబడకుండా చూసుకోమని మాత్రం చెప్పి ఒప్పుకున్నారు.

పిల్లలకు చెప్పడం అంతకన్నా కష్టమైంది. మొదటి సర్వే కొట్టేశాననీ మళ్ళీ చేయాలనీ అనగానే గోల మొదలైంది. హేమంత్ లేచి నిలబడ్డాడు. “సార్, ఇది తీసుకోమని చెప్పింది మీరే సార్. ఈజీ అన్నారు. రెండు క్రెడిట్లకి ఇంత టైము పెడితే ఎంట్రన్స్ ఎప్పుడు చదవాలి?”

వాడు అన్నదాంట్లో తప్పు లేదు. “అవును, నేనే చెప్పాను. తెలియకుండా చెప్పాను. ఆ ఫారం కూడా నేనే రాశాను, అదీ తప్పు,” అన్నాను. నలభై మంది ముందు లెక్చరరు ఆ మాట అనడం మా కాలేజీలో అలవాటు లేని పని. రాలేనివాళ్ళు థియరీ రాసి పాస్ మార్కులు తీసుకోవచ్చనీ, వచ్చినవాళ్ళ పనికే ప్రాజెక్టు మార్కులనీ చెప్పాను. పదకొండు మంది థియరీ చాలన్నారు. వాళ్ళను నేను తప్పు పట్టలేదు. హేమంత్ వాళ్ళలో ఉంటాడనుకున్నాను. క్లాసయ్యాక వచ్చి, “తప్పు చార్టు నా పేరు మీద ఉండటం నాకిష్టం లేదు సార్. వస్తా,” అన్నాడు.

సాయంత్రం దారిలో దిగి పంచాయతీ ఆఫీసుకు వెళ్ళాను. కిరణ్ ముఖం మాడింది. “సర్పంచ్ గారికి చెప్పేసా సార్. ఇప్పుడు మళ్ళీ వేరేగా వస్తే నన్నే అడుగుతారు.”

“నన్ను అడగమను. సభకి నేనొస్తా,” అన్నాను. సభకు అప్పటికి మూడు వారాలుంది.

పిల్లలకు అడగడం నేర్పే పని ఎస్తేరుకు అప్పగించాను. ఆ పని నాకు రాదని అప్పటికి స్పష్టమైంది. ల్యాబ్‌లోనే ఒక స్టూలు వేసుకుని ఆ అమ్మాయి ఇంటామెలా కూర్చుంది. ఒక్కొక్కరే వచ్చి అడగాలి. హేమంత్ నిలబడి, “నిన్న మీరు ఎన్ని గంటలకు నీరు సేకరించారు?” అని మొదలుపెట్టాడు.

“ఏం బాబూ, పరీక్ష పెడుతున్నావా? ముందు కూర్చో. సేకరించడమేంది? నీళ్ళు పట్టుకున్నావా అమ్మా అని అడుగు,” అంది ఎస్తేరు. అందరూ నవ్వారు, హేమంత్ కూడా నవ్వాడు. నాలుగో ప్రయత్నానికి కుదురుగా అడిగాడు. ఆ తర్వాత ఆ అమ్మాయి కొన్ని నియమాలు పెట్టింది. ఇంటికి ఇద్దరే వెళ్ళాలి. కార్డులు, ప్యాడ్లు వద్దు. ఒకరు మాట్లాడాలి, ఒకరు వినాలి. ఇంటివాళ్ళ ముందు కాగితం తీయకూడదు, బయటికొచ్చాకే రాసుకోవాలి. పంచాయతీ సారు వెంట రాకూడదు. మీరు కూడా రావద్దు సార్ అంది. నేను రోడ్డు మీద బస్సు షెల్టరులో కూర్చోవడానికి ఒప్పుకున్నాను. అయితే మేమెవరమో, ఎందుకు అడుగుతున్నామో ప్రతి ఇంట్లోనూ ముందే చెప్పి, ఇష్టమైతేనే మాట్లాడమనాలని నా వంతుగా ఒక నియమం చేర్చాను.

వరసగా మూడు సాయంత్రాలు, కూలికి వెళ్ళినవాళ్ళు ఇళ్ళకు చేరే వేళకు వెళ్ళాం. చిల్లకల్లు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటోలు. జంటలు వెళ్ళి, తిరిగొచ్చి నా పక్కన కూర్చుని రాసుకునేవారు. మొదటి రోజే తేడా తెలిసింది. ఒక్కో ఇంటికి ముప్పావు గంట పడుతోంది.

రెండో రోజు హేమంత్ చొక్కా తడిసిపోయి వచ్చాడు. ఏమైందన్నాను. “నాగేంద్రమ్మ గారని ఒకామె సార్. బోరింగు దగ్గర ఉంది. అడిగితే, ఊరికే నిలబడి అడిగే బదులు కొట్టు బాబూ, నేను చెప్తా అంది. రెండు బిందెలు కొట్టా సార్. చాలాసేపు కొడితే గానీ నీళ్ళు రావట్లా.” బోరింగంటే చేతిపంపు. వాడు కొడుతున్నంతసేపూ ఆమె చెప్పుకుపోయిందట. పొద్దున చీకటితో లేచి బోరింగు దగ్గర వరస కట్టడం, ఆరింటికల్లా పత్తికి ఆటో ఎక్కాల్సి రావడం, ప్లాంటు తెరిచే సరికి తాను చేలో ఉండటం, తిరిగొచ్చేసరికి ప్లాంటు మూసేయడం. క్యాన్ వారానికొకటి ఆటో అబ్బాయి చేత తెప్పిస్తుంది. చుట్టాలకి, జ్వరమొచ్చినవాళ్ళకి, మనవరాలి బడి సీసాకి. మిగతా వాటన్నిటికీ బోరింగు నీళ్ళే.

మూడు రోజుల కాగితాలూ కలిపి చూస్తే, రోజూ ప్లాంటు నీళ్ళే తాగే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్నే తేలాయి. బోరింగు నీళ్ళు తెచ్చి, కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎంతున్నాయో చెప్పే కాఠిన్యం పరీక్ష ల్యాబ్‌లో చేశాం. కాఠిన్యం బాగా ఎక్కువగా ఉంది. ఫ్లోరైడు చూసే పరికరం మా దగ్గర లేదు. అందుకని దాని గురించి రిపోర్టులో ఒక్క మాట కూడా రాయనివ్వలేదు. శాంపిలు ప్రభుత్వ ల్యాబ్‌కు పంపమని మాత్రం సూచించాం.

రిపోర్టు రాసేటప్పుడు హేమంత్‌కూ ఎస్తేరుకూ వాదన వచ్చింది. ‘మొదటి సర్వేలో కాలనీవాసులు తప్పుడు సమాచారం ఇచ్చారు’ అని హేమంత్ రాశాడు. ఎస్తేరు ఆ వాక్యం ఉంటే తన పేరు తీసేయమంది.

“వాళ్ళు తప్పు చెప్పలా. మనం అడిగింది తప్పు. అది రాయి. ఊళ్ళో అందరి ముందూ చదువుతాం. రేపు ఆ ఆడోళ్ళు తలెత్తుకోవాలా వద్దా?”

హేమంత్ ఆ వాక్యం కొట్టేశాడు. చివరికి ఇద్దరూ కలిసి రాసిన వాక్యం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు: ‘మంచినీటి విలువ కాలనీవారికి బాగా తెలుసు. పనికి వెళ్ళే వేళల వల్ల రోజూ తెచ్చుకునే వీలు లేదు.’ మా డిపార్ట్‌మెంట్‌లో ఇన్నేళ్ళుగా పిల్లలు రాసిన కాగితాల్లో అంత నిక్కచ్చి వాక్యం నేను చూడలేదు.

గ్రామసభ బడి ఆవరణలో జరిగింది. మా పిల్లలు ఇరవై మందికి పైగా వచ్చారు. కిరణ్ విషయం మొదలుపెట్టగానే ముందు వరసలో ఒక పెద్దాయన లేచారు. “మొన్ననేమో అంతా ప్లాంటు నీళ్ళే అన్నారు. ఇవాళ కాదంటున్నారు. రేపు ఇంకోటంటారు. ఏది నమ్మాలండీ?”

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. నేను లేచి, మొదటి లెక్క నాదనీ, ప్రశ్న తప్పుగా రాశాననీ, పిల్లలు దాన్ని పట్టుకున్నారనీ చెప్పాను. రెండోసారి ఎలా అడిగారో వాళ్ళ నోటితోనే వినమన్నాను. ఎస్తేరు లేచి నాలుగు పేజీలూ చదివింది. ఎవరి పేరూ లేదు, ఏ ఇల్లూ లేదు. ఒక మామూలు రోజు ఎన్ని గంటలకు మొదలై ఎలా గడుస్తుందో, అందులో నీళ్ళ కోసం పోయే సమయం ఎంతో, అదే ఉంది.

చదవడం అయ్యాక ఆడవాళ్ళ వైపు నుంచి నాగేంద్రమ్మ లేచింది. “ఆ పిల్ల చదివింది నిజమేనయ్యా. ప్లాంటు మంచిదే. మేం చేలోంచి వచ్చేసరికి దానికి తాళం ఉంటంది,” అంది. పెద్దాయన కూర్చున్నారు. తర్వాత ప్లాంటు వేళల మీదా లైను మీదా ముప్పావు గంట చర్చ జరిగింది. నాతో ఇక పని లేకపోయింది.

లైను ఆ ఏడాది పనుల జాబితాలో ఉండిపోయింది. పని వెంటనే మొదలు కాలేదు. మధ్యలో రెండుసార్లు ఆగింది కూడా. తర్వాతి ఎండాకాలం సగంలో తూర్పు కాలనీకి ట్యాంకు నీళ్ళు ఎక్కాయి. ప్లాంటును సాయంత్రం ఏడు దాకా తెరిచి ఉంచడం మాత్రం సభ అయిన వారంలోనే మొదలైంది. ఆ వార్త కిరణ్ ఫోన్ చేసి చెప్పాడు. నా సర్వీసులో పేపర్లు ప్రచురించాను, రిజల్ట్స్ తెచ్చాను, మెమెంటోలు అందుకున్నాను. వాటిలో ఏ ఒక్కటీ ఆ ఫోన్ కాల్‌కు సాటి రాలేదని రాయడానికి నాకు మొహమాటం లేదు.

మార్కుల సంగతి కూడా చెప్పాలి. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు పాత ఫారాల కట్ట మీద నా సంతకం చూసి, ఇది ఎందుకు దాచారని అడిగాడు. అది కూడా రిపోర్టులో భాగమేనని ఎస్తేరు జవాబు చెప్పింది. ఆ పేపర్లో ఆ అమ్మాయిదే ఫస్టు. కెమిస్ట్రీలో ఆమెకు ఎప్పటిలాగే బొటాబొటీ మార్కులు వచ్చాయి. వేసింది నేనే. డిగ్రీ తర్వాత సోషల్ వర్క్‌లో పి.జి. చేసి, ఇప్పుడు పల్లెల్లో ఆరోగ్య సర్వేలు చేసే ఒక సంస్థలో ఫీల్డ్ సూపర్‌వైజరుగా ఉంది. కొత్తగా చేరినవాళ్ళకు అడగడం నేర్పడమే తన ఉద్యోగమని చెప్పింది. హేమంత్‌కు కోరుకున్న చోట ఎం.ఎస్సీ. సీటు వచ్చింది. ఈ పేపరు వల్ల వాడి చదువుకు నష్టం జరగలేదు. దీని వల్లే లాభం జరిగిందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు.

తర్వాతి జూన్‌లో కొత్త చరిత్ర లెక్చరరు చేరారు. పేపరు ఆమెకు అప్పగించమని ఆర్డరు వచ్చింది. ఇద్దరం కలిసి చెబుతామని నేను అర్జీ పెట్టుకున్నాను. రిటైరయ్యేదాకా ఆ పేపరు వదల్లేదు. ఏటా రెండు ఊళ్ళు తిరిగాం. అన్నిచోట్లా పనులు జరగలేదు, అన్ని రిపోర్టులూ మంచివి కావు. ప్రశ్నలు మాత్రం ముందు నాలుగిళ్ళలో పరీక్షించకుండా ఒక్క ఫారం కూడా అచ్చు వేయించలేదు.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నవి రెండు. తనకు రాని సబ్జెక్టు తేలికని చెప్పే హక్కు మాస్టారుకు లేదు. ప్రశ్న తప్పయితే జవాబులెన్ని కలిసినా నిజం కాదు, కాబట్టి అది రాసినవాడే దాన్ని కొట్టేసి, ఎవరికి చెప్పాడో వాళ్ళ దగ్గరికే వెళ్ళి ఆ మాట చెప్పాలి.